గేరి కుక్కకు ఇల్లు లేదని ఎవరన్నారు?

మిత్రులారా, ఈ వారం రోస్టర్ పాయింట్ల గురించి రాస్తానని చెప్పాను. దాన్ని వచ్చే ఆదివారానికి వాయిదా వేస్తున్నాను. ఈ వారం కుక్కల గురించి రాయాలి. నవ్వకండి. చివరిదాకా చదివాక కూడా నవ్వొస్తే అందరం కలిసి నవ్వుదాం.

2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. విద్యాసంస్థలు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాలు, వీటిలోకి వీధికుక్కలు రాకుండా కంచె వేయాలి. ఉన్నవాటిని పట్టి టీకాలేసి, ఆపరేషన్ చేసి షెల్టర్లకు తరలించాలి. మళ్లీ అదే చోట వదలకూడదు. ప్రతి సంస్థా ఇందుకోసం ఒక నోడల్ అధికారిని పెట్టుకోవాలి. నేను పనిచేసే కాలేజీకీ సర్క్యులర్ వచ్చింది. స్టాఫ్ మీటింగ్‌లో "ఎవరు చూస్తారు?" అనే ప్రశ్నకు జవాబు రావడానికి పది సెకన్లు పట్టలేదు. ఒక సీనియర్ గారు నా వైపు చెయ్యి చూపించి, "మేడమైతే బాగా మేనేజ్ చేస్తారు" అన్నారు. అందరూ తలూపారు. ఎవరి మొహంలోనూ దురుద్దేశం లేదు. అదే నాకు భయం వేసింది.

ఏడేళ్లలో జాతీయ సదస్సుకు కన్వీనర్‌గా నా పేరు ఎవరికీ తట్టలేదు. లైబ్రరీ కమిటీకి తట్టలేదు. కుక్కలనగానే మాత్రం తట్టింది. ఊళ్లో కుక్క చస్తే ఎవరికి కబురు పోతుందో, కాలేజీలో కుక్క బతికుంటే కూడా వాళ్లకే కబురు పోయింది. పీహెచ్‌డీ పట్టా మధ్యలో అడ్డం పడలేదు.

సరే, ఒప్పుకున్నాను. మా క్యాంటీన్ వెనక ఒక కుక్క ఈని ఉంది. పిల్లలు ఆరు. వాటిని పట్టి ఎక్కడికో పంపేకన్నా ఎవరైనా పెంచుకుంటే మేలనుకున్నాను. ఊళ్లో జంతు సంక్షేమం కోసం పనిచేసే ఒక బృందం ఉంది, పేరు చెప్పను, వాళ్లను పిలిచాను. మంచి పిల్లలే. సొంత డబ్బులతో టీకాలు వేయించారు. డిసెంబర్‌లో కాలేజీలోనే దత్తత శిబిరం పెట్టారు. వస్తూ వస్తూ కొన్ని పుస్తకాలు కూడా తెచ్చారు. రంగుల బొమ్మల పుస్తకాలు. షెల్టర్‌లో బోను వెనక ఒక కుక్క కూర్చుని ఉంటుంది. ఎవరెవరో వచ్చి చూసి పోతుంటారు. చివరికి ఒక పాప వస్తుంది, కుక్క తోక ఊపుతుంది, ఇద్దరూ ఇంటికి పోతారు. ఇంటి ముందు పచ్చగడ్డి, తెల్లకంచె. ఒకమ్మాయి ఆ కథను చక్కగా చదివి తెలుగులో చెప్పింది. మా పిల్లల కళ్లు చెమర్చాయి. నావి కూడా. అబద్ధం ఎందుకు?

అప్పుడు బీఏ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతి ముందుకొచ్చింది. హాస్టల్‌లో ఉంటుంది. సొంతూరు కర్నూలు జిల్లా పత్తికొండ పక్క, మా వైపే. క్యాంటీన్ వెనక ఆ తల్లికుక్కకు రోజూ అన్నం పెట్టిన పిల్ల. నల్లమచ్చ ఉన్న కుక్కపిల్లను చంకనెత్తుకుంది. "మాయమ్మకు పదకొండు మేకలుండాయి మేడం. ఉండే కుక్క పోయినేడు సచ్చిపాయ. దీన్ని సంక్రాంతికి ఎత్తకపోతా" అంది.

ఆ పిల్ల చేతికి ఒక ఫారం ఇచ్చారు. సొంత ఇల్లా, అద్దె ఇల్లా? ప్రహరీ గోడ ఉందా? నెల ఆదాయం ఎంత? కుక్కను ఇంటి లోపల ఉంచుతారా, బయటా? ఇంటి ఫోటో జతచేయండి. ఆ పిల్ల నిజాయితీగా నింపింది. కాలనీ ఇల్లు, ఒకటే గది. గోడ లేదు, కంపకంచె ఉంది. ఆదాయం గడిలో "పనుంటే" అని రాసింది. కుక్క మేకలతో పాటు గుట్టకు పోయి సాయంత్రానికి వస్తుంది.

ఫారం చదివిన వాలంటీర్ చాలా మెత్తగా చెప్పింది. "నిన్ను తప్పు పట్టడం లేదు చెల్లీ. కానీ అలాంటి చోట కుక్కకు సేఫ్టీ ఉండదు."

అలాంటి చోట.

ఈ రెండు మాటలు విని నేను ఎక్కడ ఉన్నానో మర్చిపోయాను. తెలుగులో మా ఇంటికి ఎన్ని పేర్లున్నాయో లెక్కపెడుతూ ఐదేళ్లు పరిశోధన చేసినదాన్ని. వెలివాడ, మాలపల్లె, మాదిగగేరి, హరిజనవాడ, ఎస్సీ కాలనీ. ఇప్పుడు కొత్తది చేరింది. "అలాంటి చోట." ఇదివరకు మా గాలి తగిలితే మనుషులు మైలపడేవాళ్లు. ఇప్పుడు మా ఇంట్లో కుక్కకు కూడా భద్రత లేదు.

ఆ కుక్కపిల్ల టౌన్‌లో ఒక మేడింటికి పోయింది. బాగానే ఉందని ఫోటో పెట్టారు. సంతోషం. నేను ఆ కుక్కపిల్లకు శత్రువును కాను. ఆ వాలంటీర్‌కూ కాను. నా తగాదా ఆ ఫారంతో, ఆ ఫారాన్ని కన్న పుస్తకాలతో.

పుస్తకాల దగ్గరికే పోదాం. జంతువుల మీద జాలి పుట్టించిన పుస్తకాల వంశవృక్షం తీస్తే రెండు కొమ్మలు కనబడతాయి.

మొదటిది 1877లో ఇంగ్లండులో వచ్చిన 'బ్లాక్ బ్యూటీ'. రాసినావిడ అన్నా సీవెల్. చిన్నప్పుడు కాలికి దెబ్బ తగిలి సరిగ్గా నడవలేక, జీవితమంతా గుర్రపు బండి మీద ఆధారపడిన మనిషి. గుర్రం తన కథ తానే చెబుతుంది. ఆ పుస్తకాన్ని ఆమె పిల్లల కోసం రాయలేదు. గుర్రాలతో పనిచేసే వాళ్ల కోసం రాసింది. గుర్రం తల ఎత్తుగా కనబడాలని ధనవంతులు ఫ్యాషన్ కోసం బిగించే కళ్లెం ఎంత హింసో అందులో ఉంది. అంతేకాదు, లండన్ బాడుగ బండివాళ్ల బతుకు కూడా ఉంది. రోజువారీ బాడుగ కట్టలేక గుర్రాన్నీ తననూ కలిపి అరగదీసుకుని చచ్చిపోయే ఒక పేద బండివాడు ఉన్నాడు. పండగ రాత్రి ధనవంతులు లోపల పేకాడుతుంటే బయట చలిలో గుర్రంతో పాటు నిలబడి జబ్బున పడే ఇంకో బండివాడు ఉన్నాడు. గుర్రం ఒంటి మీద దెబ్బ పడితే ఆ కొరడా ఎవరి చేతిలో ఉందని మాత్రమే ఆమె చూడలేదు. ఆ చెయ్యి మెడ మీద ఎవరి కాలుందో కూడా చూసింది. 1890లో ఆ పుస్తకాన్ని అమెరికాలో పంచిపెట్టిన జార్జ్ ఏంజెల్ దాన్ని గుర్రాల 'అంకుల్ టామ్స్ క్యాబిన్' అన్నాడు. బానిసల నవల పేరు గుర్రం పుస్తకానికి బిరుదైంది. జంతువు మీద జాలి, మనిషి విముక్తి ఒకే గాటన కట్టిన రోజులుండేవి.

రెండో కొమ్మ 1893లో వచ్చిన 'బ్యూటిఫుల్ జో'. రాసింది కెనడా రచయిత్రి మార్షల్ సాండర్స్. అమెరికాలో జంతు సంక్షేమ సంఘం పెట్టిన పోటీలో గెలిచింది. విపరీతంగా అమ్ముడుపోయింది. ఇందులో కుక్క తన కథ చెబుతుంది. దాని చెవులు, తోక నరికిన క్రూరుడు ఒక పాలవాడు. మురికి మనిషి, మురికి కొట్టం. దాన్ని కాపాడి తెచ్చుకున్నది ఒక ఫాదర్ గారి కుటుంబం. శుభ్రమైన ఇల్లు, బుద్ధిగల పిల్లలు. ఆ కుక్కకు జరిగిన హింస నిజం. దాన్ని చదివి కుక్కను కొట్టడం మానుకున్న పిల్లలు లక్షల్లో ఉంటారు, అదీ నిజం. కానీ అక్కడ ఒక మూస తయారైంది. హింసించేవాడు మురికివాడ. కాపాడేవాడు మేడ. కుక్క ప్రయాణం ఎప్పుడూ ఇటునుంచి అటే.

ఈనాటి దత్తత పుస్తకాలు ఎక్కువగా ఈ రెండో కొమ్మకు కాసిన కాయలు. మన ఫారం కూడా. ప్రహరీ గోడ ఎత్తుతో ప్రేమను కొలవడం అక్కడ నేర్చుకున్నదే.

"అది పరాయి దేశం సంగతి, మన సంస్కృతిలో సర్వప్రాణి సమానం" అనేవాళ్లు ఇక్కడ కామెంట్ పెట్టడానికి వేలు పైకెత్తి ఉంటారు. ఆగండి. వేళ్ల గురించి కూడా మాట్లాడదాం.

తెలుగులో ఆదికావ్యమని చెప్పుకునే నన్నయ భారతం తెరిస్తే మొదట్లోనే ఒక కుక్క ఫిర్యాదు ఉంటుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ కొడుకు, ఒక కుక్కపిల్ల, అటుగా వచ్చింది. రాజు తమ్ముళ్లు కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. మూలభారతంలో అది తల్లికి చెప్పుకునే సంజాయిషీ చూడండి. నేను హవిస్సును ముట్టలేదు, కనీసం చూడలేదు అంటుంది. అయినా దెబ్బలు తప్పలేదు. ఈ సంజాయిషీ మనకు కొత్తా? బావిని ముట్టలేదు దొరా, గుడి మెట్టెక్కలేదు దొరా. దగ్గరికి రావడమే నేరమైన చోట ముట్టుకోలేదన్న సాక్ష్యం ఎందుకు పనికొస్తుంది? ఆ తల్లికుక్క సభకు పోయి రాజు మొహం మీదే నిలదీసింది. తప్పొప్పులు చూడకుండా పేదలను, సాధువులను హింసించేవాళ్లకు ఎటునుంచో తెలియని భయం వచ్చిపడుతుందని చెప్పి వెళ్లిపోయింది. ఈ పద్యం నేను ఏటా క్లాసులో చెబుతాను. పాఠ్యపుస్తకాల్లో దాన్ని నీతిపద్యం అంటారు. నా లెక్కలో అది తెలుగులో మొదటి అట్రాసిటీ కంప్లైంట్.

అదే ఆదిపర్వంలో ఇంకో కుక్క ఉంది. పాండవులు వేటకు పోతూ తీసుకెళ్లిన కుక్క. అడవిలో నల్లగా, తోలు కట్టుకుని ఉన్న ఏకలవ్యుణ్ణి చూసి మొరిగింది. అతను దాని నోట్లో ఏడు బాణాలు కొట్టాడు. ఆ బాణాలు చూసే రాజకుమారులకు అతని విద్య తెలిసింది. తర్వాత బొటనవేలు పోయింది. నా ప్రశ్న ద్రోణుడి గురించి కాదు, అది చాలామంది అడిగారు. నల్లటి మనిషిని, తోలు కట్టుకున్న మనిషిని చూసి మొరగమని ఆ కుక్కకు ఎవరు నేర్పారు? ఏ కుక్కా కులంతో పుట్టదు. కానీ "కుక్క ఉన్నది జాగ్రత్త" అని బోర్డున్న ఇంటి ముందు కొరియర్ కుర్రాడిని, చెత్తబండి అమ్మను, కరెంటు బిల్లు కొట్టే పిల్లవాణ్ణి నిలబెట్టి చూడండి. ఎవరిని చూసి మొరగాలో యజమాని ముఖంలోంచి అది నేర్చుకుంటుంది.

ఇక ధర్మరాజు కుక్క. కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడని దత్తత ప్రేమికులందరూ చెబుతారు. గొప్ప కథే. కానీ చివరికి ఏమైంది? ఆ కుక్క కుక్క కాదని, యమధర్మరాజని తేలింది. కుక్క కుక్కగానే ఉండి లోపలికి పోయిన కథ మాకు ఇంకా ఎవరూ చెప్పలేదు. మాకు కూడా అంతే కదా. మాలోంచి ఒకడు ఐఏఎస్ అని తేలితే గేటు తెరుచుకుంటుంది.

మన వైపు నుంచి చూస్తే జంతువుతో మాట్లాడిన అసలైన తెలుగు పుస్తకం 1941లో వచ్చింది. జాషువా 'గబ్బిలం'. కాళిదాసుకు మేఘం దొరికింది. జాషువా అరుంధతీ సుతుడికి గబ్బిలం దొరికింది. పక్షో మృగమో తేలని ప్రాణి, ఇంట్లోకొస్తే అరిష్టమనే ప్రాణి. ఆ గబ్బిలం గుడి లోపల వేలాడొచ్చు, దాన్ని ఎవరూ తరమరు. అతను గుడి బయటే. అందుకే పూజారి లేని సమయం చూసి శివుడి చెవిలో నా బాధ చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకున్నాడు. ఇక్కడ ఎవరు ఎవరిని దత్తత తీసుకున్నారు? మనిషి జంతువును కాపాడే కథలు కోకొల్లలు. మనుషులందరూ వెలేసిన మనిషిని ఒక పురుగులాంటి ప్రాణి ఆదుకున్న కథ మనది. జంతు సంక్షేమ పుస్తకాల జాబితా తెలుగులో ఎవరైనా తయారుచేస్తే మొదటి పేరు ఇదే ఉండాలి. మీరు చూసిన ఏ జాబితాలోనైనా ఉందా?

గబ్బిలానికి గుడిలో చోటుండటం కవి కల్పన కాదు. 1927 మార్చి 20న మహాద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకునేనాటికి ఆ చెరువులో పశువులు తాగొచ్చు, కుక్కలు తాగొచ్చు, అంటరానివాళ్లు తాగకూడదు. 1985 జూలైలో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర, బర్రెల కుడితి బకెట్ కడగడం దగ్గర. అడ్డం చెప్పినందుకు ఆరుగురిని చంపారు. 2016 ఆగస్టులో అమలాపురంలో కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత అన్నదమ్ములను గోరక్షకులమని వచ్చినవాళ్లు చెట్టుకు కట్టి కొట్టారు. తోలు తీయడానికి పిలిచిందీ ఊరే, తీసినందుకు కొట్టిందీ ఊరే. "జంతువుల మీద జాలి చూపండి" అని మా గేరికి వచ్చి చెప్పేవాళ్లు ఈ మూడు తేదీలు తెలుసుకుని రావాలి. ఆ జాలికి మేం వ్యతిరేకమని కాదు. మా వీపు మీద ఆ జాలి వాతలు ఇంకా మానలేదని.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా అబ్బ కపిల బానలు కుట్టేవాడు. కరెంటు మోటార్లు రాకముందు సీమలో బావి నీళ్లు పైకి రావాలంటే తోలు బాన కావాలి. తంగేడు చెక్కతో తోలు ఊనాలి, కుట్టాలి, రైతు కళ్లంలో మేర తీసుకోవాలి. ఊళ్లో ఎవరి ఎద్దు చచ్చినా కబురు అబ్బకే వచ్చేది. కత్తి తీసేముందు ఎద్దు నుదుటి మీద చెయ్యి పెట్టి కాసేపు ఊరుకునేవాడట. "యాన్నో పదేండ్లు మనకు నీళ్లు తోడినాది" అనేవాడని అవ్వ చెప్పింది. ఊళ్లో ప్రతి ఎద్దుకూ చివరిసారి చెయ్యి వేసిన మనిషి మా అబ్బ. ఏ పుస్తకంలో ఉన్నాడు? ఉంటే కసాయి అనే పేరుతో ఉంటాడు.

అవ్వకు ఒక కుక్క ఉండేది. అవ్వకు అనడం తప్పు, గేరికి ఉండేది. పొద్దున మా ఇంట్లో సంగటి ముద్ద, మధ్యాహ్నం ఎదురింట్లో గంజి, రాత్రి ఎవరింట్లో కూర ఉడికితే వాళ్లింటి ముందు పడక. పేరు రాజిగాడు. ఒకరోజు అవ్వ కేకేస్తుంటే ఊళ్లో రాజు పేరున్న పెద్దమనిషి విన్నాడు. "మీ కుక్కలకు మా పేర్లు కావాల్సొచ్చినాయా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఊరు వినేలా పిలిచేటప్పుడు దాని పేరు "ఏయ్". గేరిలోకొచ్చాక మళ్లీ రాజిగాడు. మాతోపాటు మా కుక్క కూడా రెండు పేర్లతో బతికింది.

ఆ కుక్కకు ఇల్లు లేదని చెప్పండి చూద్దాం. పదిహేడు ఇళ్లున్నాయి. మెడకు పట్టీ లేదు, అంతే. మీ పుస్తకాల్లో పట్టీ లేని కుక్క అనాథ. మా గేరిలో పట్టీ లేకపోవడమే దాని స్వేచ్ఛ. చట్టం కూడా ఇప్పుడిప్పుడే మా అవ్వ దగ్గరికి వచ్చింది. 2023 జంతు జనన నియంత్రణ నియమాలు వీధిలో బతికే కుక్కను కమ్యూనిటీ జంతువు అంటున్నాయి. అంటే సొంత యజమాని లేకపోయినా ఆ వాడ దానిది, అది ఆ వాడది. అవ్వ చదువుకోకుండానే పాటించిన నియమం ఇది.

ఇంతదాకా చదివి చప్పట్లు కొట్టే మన మిత్రులకు ఇప్పుడు ఒక మాట. ఇది మనకు.

మా గేరిలో ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒకడు కుక్క కరిచి చచ్చిపోయాడు. నేను అప్పుడు ఆరో తరగతి. కరిచిన చోట కారం పెట్టారు, ఆకు పసరు పోశారు. దగ్గరి ఆస్పత్రిలో సూది మందు లేదన్నారు. కర్నూలు పోవాలంటే ఇద్దరి కూలి పోతుంది. గాయం మానింది కదా అనుకున్నారు. కొన్ని వారాలకు నీళ్ల చెంబు చూసి వాడు వణికిన వణుకు నాకు ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి కుక్కంటే భయపడే తల్లిని వెక్కిరించే జంతు ప్రేమికులంటే నాకు పడదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కలు చంపిన నాలుగేళ్ల పిల్లవాడు ఒక వాచ్‌మన్ కొడుకు. కారులో తిరిగేవాళ్ల పిల్లలకు ఆ చావు రాదు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 1885లో పాశ్చర్ టీకా కనిపెట్టాడు. నూట నలభై ఏళ్లైంది. ఇంకా మన పిల్లలు చస్తున్నారంటే తప్పు కుక్కది ఎలా అవుతుంది?

అలాగని కుక్కలన్నిటినీ చంపేయాలనే మన కుర్రాళ్లతోనూ నేను ఏకీభవించను. కుక్కల బండి మీద వల పట్టుకుని నిలబడేది ఎవరి పిల్లలో చూశారా? చంపమన్నవాడు చేతులకు నెత్తురంటకుండా ఇంట్లో ఉంటాడు. ఆ పాపం, ఆ కంపు, ఆ కాటు మళ్లీ మన చేతికే. పైగా చంపితే రేబిస్ పోదు. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా వేస్తే ఆ రోగం గొలుసు తెగుతుంది. ఆ పని జరగాలంటే కుక్కకు దగ్గరికి వెళ్లగలిగే మనిషి కావాలి. అది ఎవరికి చేతనవుతుంది? పేరు పెట్టి పిలిస్తే వచ్చే కుక్క ఉన్న గేరికే. ఇంకొక మాట. ఆడపిల్లలు పుట్టాయని కుక్కపిల్లలను గోనెసంచిలో కట్టి కాలవ గట్టున వదిలిన చేతులు మన గేరిలోనూ ఉన్నాయి. నేను చూశాను. మనల్ని కొట్టినవాడి చేతివాటం మనకు అంటుకోకుండా చూసుకోవడం కూడా పోరాటమే. సరమ చెప్పింది రాజుకే కాదు.

జంతువుల గురించి మనవాళ్లకు తెలియదనేవాళ్లకు కడప నుంచి ఒక ఉదాహరణ. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పొదల్లో మళ్లీ దొరికింది. శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి వెతికారు. రాత్రిపూట లైటు వెలుతురులో దాన్ని చేత్తో పట్టింది ఆ ఊరి వేటగాడు ఒకడు. ఆ తర్వాతే దానికి లంకమల అభయారణ్యం వచ్చింది. పక్షి ఎక్కడుందో పుస్తకానికి తెలియదు. పొదకు తెలుసు, పొదల్లో తిరిగేవాడికి తెలుసు.

అలాంటి మనిషి చేతి తెలివి నవలగా వస్తే ఎలా ఉంటుందో 2019లో చూశాం. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. కరువులో గొర్రెలకు నీళ్లూ మేతా లేక మందలు తోలుకుని నల్లమల ఎక్కిన గొర్రెలకాపరుల కథ. అక్కడ జంతువు మీద ప్రేమ అంటే సోఫా మీద పడుకోబెట్టడం కాదు. తాను దప్పికతో ఉండి మందకు నీళ్లు వెతకడం. పులి ఎదురుపడితే పారిపోకుండా మందకూ పులికీ మధ్య నిలబడటం. రాయలసీమ నుంచి జంతు సంక్షేమం మీద పుస్తకం ఇవ్వండని ఎవరైనా అడిగితే నేను అదే ఇస్తాను. కానీ అది ఒక్కటే సరిపోదు. తోలు ఊనిన మనిషి నవల ఏది? కుక్కల బండి మీద వల పట్టిన పిల్లవాడి కథ ఏది? పందులు మేపే ఎరుకల అమ్మ ఆత్మకథ ఏది? రాజిగాడి పుస్తకం ఏది?

విద్యార్థి మిత్రులను అడుగుతున్నాను. ఈ సంక్రాంతికో ఉగాదికో ఊరికి పోతారు కదా. అవ్వ దగ్గర కూర్చోండి. ఇంట్లో ఉన్న ఎద్దు పేరు, కుక్క పేరు, కరువులో అమ్మేసిన బర్రె పేరు అడగండి. అమ్మిన రోజు ఇంట్లో ఎవరు అన్నం తినలేదో అడగండి. రాసుకోండి. నాకు పంపండి. ఎంత పుస్తకమవుతుందో చూద్దాం.

జంతు సంక్షేమ మిత్రులకు కూడా తలుపు మూయడం లేదు. మీ శిబిరాలు మా గేరిలో పెట్టండి. ఫారం ఉండాల్సిందే. తీసుకెళ్లి నెలకే రోడ్డు మీద వదిలేసేవాళ్లు ఉన్నారు, గొలుసుకు కట్టి మర్చిపోయేవాళ్లు ఉన్నారు, మీ జాగ్రత్త నాకు అర్థమవుతుంది. కానీ ప్రశ్నలు మార్చండి. ఏటా టీకా వేయిస్తారా? ఆపరేషన్‌కు ఒప్పుకుంటారా? జబ్బు చేస్తే ఎవరికి చెబుతారు? మీరు ఊరికి పోతే ఎవరు తిండి పెడతారు? ఈ నాలుగూ చాలు. గోడ ఎత్తు అడగొద్దు. గోడలు మమ్మల్ని బయట పెట్టడానికే కట్టారు. మళ్లీ మాకు గోడ లేదనడం ఏం న్యాయం?

నోడల్ అధికారి హోదాలో నేను చేసింది కూడా చెబుతాను. ఆ నాలుగు ప్రశ్నలతో అర పేజీ ఫారం తయారుచేశాను. మా ప్రిన్సిపల్ సంతకం పెట్టారు, ఎందుకు మార్చానని అడగలేదు. కాలేజీ లైబ్రరీలో 'గబ్బిలం', 'కొండపొలం', 'బ్లాక్ బ్యూటీ' ఒకే అరలో పెట్టించాను. ఆ బృందం తెచ్చిన బొమ్మల పుస్తకాలు కూడా అక్కడే ఉన్నాయి.

ఆరు కుక్కపిల్లల్లో చివరికి ఒకటి మిగిలింది. ఆడది, ఒక చెవి వంకర, ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి కొత్త ఫారం నింపింది. నాలుగో ప్రశ్న దగ్గర, మీరు ఊరికి పోతే ఎవరు తిండి పెడతారు అన్న చోట, ఇచ్చిన గీత సరిపోక మార్జిన్‌లోకి రాసింది. చిన్నమ్మ, మేనత్త, ఎదురింటి సుంకన్న మామ, వాళ్ల అవ్వ. ఇంకా పేర్లున్నాయి. నేను లెక్కపెట్టాను. తొమ్మిది.

జై భీమ్.

(వచ్చే ఆదివారం: రోస్టర్ పాయింట్లు. ఈసారి తప్పకుండా.)